సారక్క ఒక్కతే ఉన్న ఫోటో

నిన్న ఉదయం జనగామ బస్టాండ్‌లో ఉండగా ఫోన్ మోగింది. స్క్రీన్ మీద సారక్క పేరు.

"చెప్పు సారక్కా" అన్నాను.

"నేను సమ్మక్కను, అన్నా. అది పోయింది."

గొంతు మాత్రం సారక్కదే. ఇద్దరిదీ ఒకటే గొంతు. విషయం తలకెక్కడానికి కాసేపు పట్టింది.

మా చిన్నమ్మ కూతుళ్లు. కవలలు. ఊరు గూడూరు. సారక్క భూపాలపల్లిలో టీచర్. కామెర్లు ముదిరాయి. దవాఖాన నుంచి తిరిగి రాలేదు.

పుట్టగానే మేడారం తల్లుల పేర్లు పెట్టారు. ఒకరికి చేసింది రెండోవాళ్లకు చేయకపోతే కీడని చిన్నమ్మ నమ్మకం. ఒకరికి జ్వరమొస్తే ఇద్దరికీ మందు. గౌన్లు ఒకే గుడ్డలోంచి. పిలుపు కూడా ఒకటే, "సమ్మక్కసారక్కా" అని. దగ్గరున్న పిల్ల పలికేది.

సమ్మక్కకు ఇది ఇబ్బంది కాలేదు. సారక్కకు అయింది.

తెలంగాణ ఉద్యమం రోజులు. గూడూరులో రిలే నిరాహార దీక్షల టెంట్. నేను అప్పుడు అక్కడే విలేకరిని. స్కూల్ పిల్లల వంతు వచ్చింది. కవలలు ఒకే రకం గౌన్లలో కూర్చుంటే ఫోటో బాగుంటుందని పెద్దలు అనుకున్నారు.

సారక్క గౌను మీద మా తమ్ముడి చొక్కా తొడుక్కుని ఒక్కతే వచ్చింది.

"అది రేపు కూసుంటది. ఇయ్యాల నేనొక్కదాన్నే."

వెనకాలే వచ్చిన చిన్నమ్మ పరేషాన్. "నువ్వు ఉపాసముంటె అది ఇంట్ల ఎట్ల తింటదే?"

"తిననియ్యి. అది తింటె నా కడుపు నిండుతదా? దాని కడుపు దానిది, నా కడుపు నాది."

టెంట్‌లో ఒక పెద్దాయన అందుకున్నాడు. "అక్కా, నీ బిడ్డ గూడ వేరే రాష్ట్రం అడుగుతాంది. ఇచ్చెయ్యరాదు."

అందరూ నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు.

సాయంత్రం నిమ్మరసం ఇచ్చేదాకా సారక్క లేవలేదు. ఇంట్లో సమ్మక్క కడుపునిండా తింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత జ్వరమొచ్చిన పిల్లకే మందు వేయడం చిన్నమ్మ నేర్చుకుంది.

నిన్న సాయంత్రం నేను గూడూరు వెళ్లేసరికి చిన్నమ్మ ఇంటి ముందు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఎవరో తమ ఫోన్‌లో దొరికిన ఫోటో ప్రింటింగ్‌కు పంపారు.

అందులో ఉన్నది సమ్మక్క.

చుట్టాలెవరూ పోల్చుకోలేదు. సమ్మక్క బయటికొచ్చి చూసింది. తాళ్లు తనే విప్పి దించింది.

"ఇద్దరు ఒక్క తీరే ఉంటరు గద బిడ్డా, ఎవలు చూస్తరు?" అన్నాడు వాళ్ల మేనమామ.

"అది చూస్తది."

తర్వాత నా దగ్గరికి వచ్చింది. "అన్నా, టెంట్ల తీసిన ఫోటో ఉన్నదా? గది చూస్తె ఎవలు గూడ నన్ననుకోరు. ఆ దినం నేను ఇంట్ల తింటున్న."

ఉంది. ఈ పోస్ట్‌తో పెట్టింది అదే. వదులు చొక్కా, మెడలో దీక్షకు కూర్చున్నప్పుడు వేసిన దండ, కెమెరాలోకి సూటిగా చూపు. కొత్త ఫ్లెక్సీ మీద కూడా ఇదే వస్తుంది. టీచరమ్మకు చిన్నపిల్ల ఫోటో ఏంటని అడిగేవాళ్లకు సమ్మక్క జవాబు చెప్తుంది.

కామెంట్లలో దయచేసి ఒక్క పేరే రాయండి.

పోయిరా సారక్కా. నిమ్మళంగా పండుకో, చెల్లె.