అత్త డిస్కు, కోడలు డిస్కు

కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి పోయే కాలం అది. పదో తరగతి మీద ఆరు నెలలు టైపు నేర్చుకుని, బోధన్‌లో చెరకు రైతుల సంఘం ఆఫీసులో చేరాను. ఎవరి చేను ఏ రోజు కోతకు వస్తుందో, ఆ వంతుల జాబితా కంప్యూటర్లో ఎక్కించడమే నా పని. ఎక్కించాక ఇక వంతులు రాసిన చీటీలెందుకని అన్నీ చాయ్ పొయ్యి ముట్టించడానికి ఇచ్చేసింది కూడా నేనే (తెలివి అప్పుడు అంత ఎక్కువగా ఉండేది).

ఒకరోజు ఆ జాబితా ఉన్న డిస్కు గరగరమనడం మొదలుపెట్టింది. నిజామాబాద్ నుంచి కంప్యూటర్ బాగుచేసే అన్న వచ్చి, పక్కన కొత్త డిస్కు బిగించాడు. "ఈ కంప్యూటర్‌ల నడిచే లైనక్స్‌ల గిట్ల జోడీ కట్టొచ్చు చెల్లె. ఒకదాంట్ల ఉన్నది పేరుతోని సహా రెండోదాంట్ల పడ్తది, అద్దం లెక్క. ఒకటి పోయినా ఇంకోటి ఉంటది" అన్నాడు. ముందు దేనికి దానికి పేరు పెట్టాలంటే, పాతదానికి అత్త, కొత్తదానికి కోడలు అని నేనే పెట్టాను. ఒకటో వైరుకున్న డిస్కు నుంచి రెండో వైరుకున్నదానికి ఎక్కించడానికి ఏం టైపు చేయాలో కాగితం మీద రాసిచ్చి, ఆయన బస్సుకు వెళ్లిపోయాడు.

శుక్రవారం పూట, బొట్టు పెట్టకుండా కొత్తదాన్ని పనిలోకి దించడానికి నాకు మనసొప్పలేదు. కరెంటు ఆపి, డబ్బా తెరిచి, బయటికి తీసి పసుపు కుంకుమ పెట్టాను. పాతది చిన్నబుచ్చుకుంటుందేమోనని దానికీ పెట్టాను. మళ్లీ బిగించి, కాగితంలో ఉన్నది టైపు చేసి ఎంటర్ కొట్టానో లేదో, బస్టాండు నుంచి అన్న ఫోను.

"డబ్బా తెరవలే గదా?"

"బొట్టు పెట్టిన అన్న."

"ఎవలకు?"

"ఇద్దరికి."

బస్సుల మోతలో అన్న గొంతు పెంచాడు.

"ఏ వైరు దేనికి పెట్టినవ్?"

"చేతికి దొరికినదానికి."

"అటుదిటు అయితే ఖాళీది పోయి నిండుదాని మీద పడ్తది. ఇగ ముట్టకు. అయినంక పేర్లు సూడు. రెండిట్ల అత్త అని ఉంటే బతికినం. కోడలు అని ఉంటే నేనైతే బోధన్ దిక్కు రాను."

తెర మీద అంకెలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. నేను కుర్చీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతున్నాను. కోటగిరి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు బెంచీ మీద కూర్చుని, "బిడ్డా, నా వంతు ఎన్నడో జర సూడు, చెరుకు ఎండుతున్నది" అన్నాడు. మంచినీళ్లిచ్చాను. కాసేపటికి చాయ్ ఇచ్చాను. మళ్లీ నీళ్ల గ్లాసు పట్టుకుపోతే, "కడుపు నిండింది గని, వంతు చెప్పు" అన్నాడు.

అంకెలు ఆగాయి. మొదటి డిస్కు పేరు చూశాను, అత్త. రెండోది చూశాను. అక్కడా అత్తే. జాబితా తెరిచి, "బుధవారం తాతా" అన్నాను.

"గింత చెప్పుటానికి గంటసేపా" అంటూ లేచి పోయాడు.

ఇప్పుడు నవీపేటలో కోడలినై పదేళ్లు. మొన్న అత్తమ్మ ఊళ్లో లేనప్పుడు, మా ఆయన పచ్చిపులుసు ఒక్క ముద్ద కలుపుకుని, "అవ్వ అప్పుడే అచ్చిందా?" అని వాళ్లమ్మ గురించి అడిగాడు. చేసింది నేను. నవ్వుకున్నాను. కోడలు పేరు పోయి అత్త పేరు రావాలని గది నిండా తిరిగిన ఆ పిల్ల గుర్తొచ్చింది. నాలో ఆ పేరు ఎప్పుడు మారిందో మాత్రం నేను చూసుకోనేలేదు.