దమ్ము మడిలో తీతువు గూడు: ఇందుకూరుపేటలో ఒక ఉదయం

కొడవలూరు దగ్గర ఒక రైసు మిల్లులో నేను కాటా గుమాస్తాను. పగలు ధాన్యం తూకం వేస్తూ, సాయంత్రం తరగతులకు వెళ్లి చదివి, నలభై ఆరో ఏట డిగ్రీ పట్టా అందుకున్నాను. పర్యావరణం పరీక్షలో నేల మీద గుడ్లు పెట్టే పక్షుల గురించి నాలుగు పేజీలు రాశాను. మంచి మార్కులే వచ్చాయి. అయితే అటువంటి గూటిని ఒక్కదానినైనా నేను కళ్లారా చూసి ఉండలేదు. ఇందుకూరుపేట వైపు రెండెకరాలు కౌలుకు చేసుకునే సులోచనమ్మ గారు మార్చిలో మిల్లుకు ధాన్యం తెచ్చినప్పుడు, తన మడిలో ఏటా తీతువు గుడ్లు పెడుతుందనీ, దానిని తప్పించి దున్నిస్తుంటాననీ మాటల మధ్య చెప్పారు. చూడటానికి రావచ్చునా అని అడిగాను. "రండి సార్, పిట్టను చూసేదానికి టికెట్టేం లేదు" అన్నారు.

ఏప్రిల్ నెలాఖరులో ఒక సాయంత్రం ఆమె ఫోను చేశారు. వేసవిలో వేసే ఎడగారు పంటకు కాలువ వదిలారు. ఆమె వంతు నీళ్లు మరునాడు ఉదయమే. ట్రాక్టరు కూడా ఆ ఒక్క పూటకే దొరికింది. మడికి నీరు పెట్టి బురదగా కలియదున్నడాన్ని దమ్ము అంటారు. గూడు ఆ మడి నడిమధ్యలో ఉంది, పిల్లలు ఇంకా బయటికి రాలేదు. నీరు నిలిస్తే గుడ్లు తేలిపోతాయి, చక్రం ఎక్కితే నలిగిపోతాయి. మిల్లులో ఒక పూట సెలవు పెట్టాను.

నెల్లూరు బస్టాండులో ఐదున్నరకు మైపాడు వెళ్లే బస్సు ఎక్కాను. టికెట్టు నలభై రూపాయల లోపే. ఇందుకూరుపేట సెంటరులో దిగేసరికి ఆరుంబావు అయింది. అక్కడ ఇడ్లీ, కారం దోసె తొందరగానే దొరుకుతాయి. ఎనిమిది దాటితే నీడ దొరకదు కనుక తిని, నీళ్ల సీసా నింపుకుని బయలుదేరడం మంచిది. సెంటరు నుంచి కాలువ గట్టు మీద అరగంట నడక. ఎడమ వైపు రొయ్యల గుంటలు, కుడి వైపు కోత కోసిన మళ్లు.

సులోచనమ్మ గారికి యాభై ఏళ్లు ఉంటాయి. చీర కుచ్చిళ్లు దోపుకుని, పార భుజాన వేసుకుని ఎదురు వచ్చారు. కొయ్యకాళ్ల మధ్య ఆమె వెనుకే నడుస్తుంటే రెండు తీతువులు అరుస్తూ మా మీదుగా తిరగసాగాయి. నల్లని తల, గోధుమ రంగు వీపు, కంటి ముందు ఎర్రని తోలు, పొడవైన పసుపు కాళ్లు. ఒకచోట ఆమె చేయి అడ్డం పెట్టి నన్ను ఆపారు. నా తరువాతి అడుగు పడవలసిన చోటే గూడు ఉంది. గూడు అనే మాట దానికి పెద్దది. అరచేయంత గుంట, చుట్టూ మట్టి పెళ్లలు, గొర్రె పెంటికలు, మధ్యలో మొనలు లోపలికి పెట్టుకున్న నాలుగు మట్టిరంగు గుడ్లు.

గుంట నేల కంటే జానెడు ఎత్తున ఉంది. ఆమె రెండు వారాలుగా గుడ్ల కింద మన్ను వేస్తూ వచ్చారట. "దినానికి పిడికెడే. ఒక్కసారిగా ఎత్తేస్తే బెదిరిపోతాది. కొంచెం కొంచెంగా అయితే దానికి తెలవదు" అన్నారు. గూటి చుట్టూ మంచమంత మేర చిన్న మట్టి గట్టు కూడా కట్టారు. "కోడికి మూడు వారాలైతే దీనికి నాలుగు. ఇంకా నాలుగైదు దినాలు పట్టేట్టుంది."

కాలువ నీళ్లు మడిలోకి వచ్చేలా గట్టుకు మడవ తీయడానికి ఆమె వెళ్లారు. ట్రాక్టరు మీద కూర్చున్న మనిషికి ఆ గట్టు చుట్టూ ఉన్న మట్టితో కలిసిపోయి కనబడదేమోనని నాకు తోచింది. గూటికి గుర్తు పెట్టాలని నేను చదివి ఉన్నాను. ఒక వెదురు కర్రకు నా తెల్ల చేతిరుమాలు కట్టి గూటి పక్కనే నాటి, మడి గట్టు మీదికి వచ్చి నిలబడ్డాను. తీతువులు అప్పటికి దూరంగా వెళ్లి తిరుగుతున్నాయి. ఐదు నిమిషాలైనా కాలేదు, ఒక కాకి వచ్చి ఆ కర్ర మీద వాలి కిందికి చూసింది. నేను అరుస్తూ పరుగెత్తి చేరేలోగా ఒక గుడ్డును ముక్కున కరచుకుని తాళ్లతోపు వైపు ఎగిరిపోయింది.

నా అరుపు విని సులోచనమ్మ గారు వచ్చారు. "ఆ గుడ్డ ఎవరు కట్టినారు?"

"నేనేనండి. డ్రైవరుకు కనబడాలని."

"డ్రైవరు కంటే ముందు కాకికి కనబడిందే సార్. అది కూర్చునేదానికి కుర్చీ వేసినారు మీరు."

ఆమె కర్ర పీకి నా చేతికిచ్చారు. తరువాత మడి నాలుగు గట్ల మీదా గూటికి సూటిగా ఒక్కో గడ్డి కుప్ప పెట్టారు. ఎదురెదురు కుప్పలను చూపుతో కలిపితే రెండు గీతలు అవుతాయి. అవి కోసుకునే చోట గూడు ఉంటుంది. గూటి దగ్గర మాత్రం ఏ గుర్తూ లేదు.

ఎనిమిది గంటలకు ట్రాక్టరు తోలే మస్తాన్ వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు. "ఏందక్కా, మళ్లీ ఆ పాడు పిట్టేనా? అది నెత్తిన అరిస్తే ఇంట్లో ఒకరు పోతారంట."

"నాలుగేళ్లుగా నా నెత్తినే అరస్తా ఉండాది. పోయిండేది నీ డీజిలే. గడ్డి చూసుకోని తోలు."

"చుట్టు తిరగాలంటే పావుగంట ఎక్కువ పడతాది. కింద మడోళ్లు నాకోసం కాసుకోనుండారు."

"వాళ్లకు నేను చెప్తాలే."

అతడు గొణుగుతూనే ఎక్కాడు. గడ్డి కుప్పల వరుస దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వెనుక ఉన్న దున్నే యంత్రాన్ని పైకెత్తి, చిన్న గట్టును చుట్టి పోయాడు. చివరి చుట్టులో చక్రాలు లేపిన అల తగిలి ఆ గట్టు ఒక పక్క తెగింది. నీరు గూటి వైపు పాకింది. సులోచనమ్మ గారు మడికి అవతలి మూలన ఉన్నారు. మస్తాన్ బండి ఆపి, మోకాలి లోతు బురదలోకి దిగి, రెండు చేతులతో బురద తోడి గండి పూడ్చాడు. తీతువు అతని తలను తాకేటంత కిందికి దిగి అరుస్తూనే ఉంది. "అరుచుకో తల్లీ అరుచుకో. నీ ఇంటికే గదా మన్నేస్తా ఉండేది" అన్నాడు తల ఎత్తకుండానే.

తొమ్మిదింబావుకు ట్రాక్టరు వెళ్లిపోయింది. మూడు గుడ్లు తడవకుండా మిగిలాయి. పక్షి మాత్రం గూటికి రాలేదు. ఎండ ముదురుతోంది. "ఇంకొంచేపుంటే గుడ్లు ఉడికిపోతాయి. అటు తిరిగి కూర్చోండి సార్, మీ చూపుకే అది రావడం లేదు" అన్నారామె. ఇద్దరం దూరపు గట్టు మీద వీపు తిప్పి కూర్చున్నాము. చాలాసేపటికి ఆమె మోచేత్తో పొడిచారు. మెల్లగా తల తిప్పి చూశాను. తీతువు కొత్త నీటిలో నిలబడి పొట్ట ఈకలు తడుపుకుంటోంది. తరువాత చిన్న గట్టెక్కి, నాలుగడుగులు నడిచి, ఆ తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది.

ఒకటి తగ్గిందని దానికి తెలుస్తుందా అని అడిగాను.

"నన్నడిగితే? మూడింటి మీద కూర్చునింది, చాల్లే" అన్నారు.

పదకొండింటి బస్సుకు తిరిగి వచ్చాను. ఐదో రోజున ఆమె ఫోను చేశారు. "మూడూ పిల్లలు లేచి మడి గెనిమ మీద తిరగతా ఉండాయి సార్. నాలుగోదాన్ని గురించి అడగబాకండి."

ఆ మడిలో పక్షి ప్రేమికులమని చెప్పుకునేవారు ఎవరూ లేరు. సులోచనమ్మ గారి నోట ఆ మాట నేను వినలేదు. మస్తాన్‌కు దాని అరుపంటేనే గిట్టదు. ఇద్దరూ తమ పనిని కొంచెం వంచి చేశారు, అంతే. ఆ ఉదయం గూటికి జరిగిన నష్టమంతా, దానిని చూడాలని ప్రత్యేకంగా వెళ్లిన నా చేతి మీదుగానే జరిగింది. ఇది దాచిపెట్టి రాయడం సరికాదు కనుక రాశాను.

వెళ్లదలచినవారికి ఒక సూచన: ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదిలోపు, ఆ మడి రైతు వెంట ఉంటేనే వెళ్లండి. గట్టు దిగకండి. గుర్తు పెట్టాలనిపిస్తే అదీ గట్టు మీదే పెట్టండి.