చాచా ఎడమ మోచేయి

1960లలో బోధన్‌లో మా పక్కింటి చాచా గొడుగులు బాగుచేసేవాడు. చూపులేని చాచీ ఆయన ఎడమ మోచేయి పట్టుకునే బజారుకు పోయేది. చేతికర్రకు నేల తెలుస్తుంది గానీ, చక్కెర ఫ్యాక్టరీ ముందు ఆగిన బండ్ల వెనక ముఖమెత్తున పొడుచుకొచ్చే చెరుకు గడలు తెలియవు.

అందుకని చాచా తోలుపట్టీకి రెండు గొడుగు ఊచలు బిగించి, ముఖానికి ముందుగా వచ్చేలా వంచి, ఆమె భుజాలకు కట్టాడు. గడ ఊచకు తగిలితే పట్టీ భుజాన్ని నొక్కేది.

వారం తిరక్కముందే చాచీ, "ఇగ నా ఎంబడి రాకుండ్రి, దుకాన్ల కూసోండ్రి" అని ఒక్కతే బయల్దేరింది.

తర్వాతొకనాడు చాచా ఒంటరిగా నమాజుకు పోతున్నాడు. ఎడమ మోచేయి ఒంటికి ఎడంగా, ఎవరో పట్టుకున్నట్టే ఉంది.

"చెయ్యి నొస్తుందా చాచా?" అనడిగాను.

"లేదు బేటా, మంచిగనే ఉంది."

చూసుకుని దించాడు. గల్లీ మలుపు తిరిగేసరికి అది మళ్లీ లేచింది.