ఉత్తగ నిలబడే మూడోది

పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, మెసేజ్‌లోంచి తీసిన రైతు పేరు, మధ్యలో ఏ ఫైల్లోనూ దిగకుండా, రెంటినీ కలిపే పైపులోంచి నేరుగా ఇంకో స్క్రిప్ట్‌కు చేరిన రోజు సంగమేశ్ నారాయణఖేడ్ ఊరంతా మిఠాయి పంచాడు. అంతకుముందు పేర్లన్నీ పైపులోనే ఇరుక్కుని, కుప్ప నిండితే గానీ కదిలేవి కావు. వచ్చింది వచ్చినట్టు అందించమని ఒక్క లైను రాశాకే కదిలాయి. అప్పటి నుంచి అతనికి అదే పిచ్చి: ఒకరికి ఒకటే పని, చేతిలోంచి చేతిలోకి, కింద పెట్టేది లేదు.

కల్హేర్‌లో ఒక పెండ్లికి వడ్డన తానే చూస్తానని మనుషులను వరుసగా నిలబెట్టాడు. పప్పు బకెట్ చేతులు మారి మారి చివరికి పెండ్లికొడుకు ఒళ్లోకి చేరింది.

"వడ్డించేటోడు ఏడిరా?" అని అరిచారు పెండ్లివాళ్లు.

"అరే, గా స్క్రిప్ట్ పెట్టుడు మర్చిన!" అన్నాడు సంగమేశ్.

శంకరప్పకు మాత్రం సంగమేశ్ తన ఘనతే. ఊరి బడిలో ఏడో తరగతి చదివి, బోర్లు వేయించి, కందులు కొనే యార్డు పెట్టి, దానికి కంప్యూటర్‌నూ సంగమేశ్‌నూ తెచ్చింది తాను కాదూ! సంగమేశ్ అందులో పెట్టిన నాలుగు స్క్రిప్టుల్లో మొదటిది రైతుల మెసేజ్‌ల నుంచి పేర్లు తీస్తుంది. రెండోది వరుసలో పెడుతుంది. నాలుగోది తెర మీద చూపిస్తే, ముసలి ఎల్లప్ప ఆ రైతులను వంతు ప్రకారం మైకులో పిలుస్తాడు. మూడోది? పేరు పట్టుకుని కాసేపు నిలబడి, ముందుకు ఇచ్చేస్తుంది.

సంగమేశ్ అత్తగారింటికి బీదర్ పోగానే శంకరప్ప, కంప్యూటర్ దగ్గర కూర్చునే నుజహత్‌ను అడిగాడు.

"గా మూడోది ఏం చేస్తది బిడ్డా?"

"ఏం చెయ్యది కాకా."

"నా యార్డుల ఉత్తగ నిలబడేటోళ్లు వద్దు. తీసెయ్!"

తీసేసింది. పేర్లు తెర మీద పరుగెత్తాయి. ఎల్లప్ప ఒకటి పిలిచేలోపు ఇంకో మూడు దాటిపోయాయి. దగ్గు, ఆయాసం. కంగ్టి నుంచి వచ్చిన అక్కమ్మ వంతు పోయింది.

"గీ ముసలాయనను తీసి మిషన్ పెట్టు!" అని రైతుల లొల్లి. ఎల్లప్ప మైకు బల్ల మీద పెట్టి, కండువా దులుపుకుని లేచాడు.

శంకరప్ప గాబరాగా బీదర్‌కు ఫోన్ చేశాడు. "ఏందిరా, గా మూడోది దేనికి?"

"తీసినవా కాకా? పరేషాన్ చేస్తివి గదా! ఎల్లప్ప తాత దమ్ము తీసుకునేదాకా నిలబడుతది. గంతే దాని పని."

శంకరప్ప మైకు తెచ్చి ఎల్లప్ప చేతిలో పెట్టాడు. "కూసో. గా మూడోదాన్ని నేనే పెట్టించిన" అన్నాడు, అందరికీ వినబడేలా.

నుజహత్ మూడోదాన్ని తిరిగి పెట్టి, తెర పక్కన ఒక కాగితం అతికించింది: "శంకరప్ప కాకా ముట్టొద్దు. సంగమేశ్ వచ్చేది ఫిబ్రవరి పదకొండు."