ఆమేన్ అనేదాకా

బడి నుంచి రిటైరైనా జ్ఞానదాసు సారుకు పాఠం చెప్పే జబ్బు తగ్గలేదు. శంషాబాద్‌లో ఆయన అరుగు మీద కూర్చున్నవాళ్లు ఏదో ఒకటి నేర్చుకోకుండా లేచింది లేదు. నోట్లో నాలుక లేని పిల్లలంటే ఆయనకు మరీ పట్టుదల.

1995 వేసవిలో ఆ పట్టుదలకు సునీల దొరికింది. ద్రాక్షతోటలో కూలి చేసే ప్రేమమ్మ కూతురు, ఇంటర్ పాసైంది. పట్నంలో ఒక క్రైస్తవ ట్రస్టు డిగ్రీకి స్కాలర్‌షిప్ ఇస్తానన్నది. వ్యాసం రాయాలి, ఇంటర్వ్యూకు పోవాలి. అది రాకపోతే పిల్ల కూడా తల్లి వెంట తోటకే.

మొదట "దేశసేవే నా ఆశయం" అని గైడు చూసి రాసుకొచ్చింది.

"గిది నీ మాట గాదు బిడ్డా. నీకు తెల్సింది రాయి," అన్నాడు సారు.

ఈసారి, వానకు ద్రాక్షగుత్తి ఎందుకు కుళ్లుతుందో తెలుసుకోవాలని ఉందనీ, అందుకే బాటనీ చదువుతాననీ రాసింది. సారు ఒక్క అక్షరం దిద్దలేదు. ఆయన విషయంలో అది విడ్డూరమే.

ఇంటర్వ్యూ మాత్రం కొరకరాని కొయ్య అయింది. సారు కుర్చీలో కూర్చొని "నీ గురించి చెప్పు" అంటే సునీల కాలి బొటనవేలితో నేల రాసేది. విసిగిపోయి ఒకనాడు "ఇగ ప్రార్థన చేసి ఇంటికి పో" అన్నాడు. పిల్ల చేతులు జోడించి కళ్లు మూసుకున్నది. తల్లి నడుము నొప్పి, తోట, వాన అన్నీ దేవునికి ధారాళంగా చెప్పుకున్నది.

సారుకు ప్రాణం లేచొచ్చింది. "గట్లనే కళ్లు మూసుకొని జవాబు చెప్పు!" అన్నాడు. చెప్పింది. కళ్లు తెరిపించే సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు. అంతలోనే ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది.

ట్రస్టు ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చొని, కిటికీలోంచి చూస్తున్నాడు సారు. లోపల ముగ్గురు పెద్దలు. "నీ గురించి చెప్పమ్మా," అన్నాడు పెద్దాయన. సునీల చేతులు జోడించింది, కళ్లు మూసింది. కొంప మునిగిందనుకున్నాడు సారు. తన తెలివితక్కువతనానికి తనమీద తనకే ఒళ్లు మండింది.

కానీ లోపలున్నదీ విశ్వాసులే. పిల్ల ప్రార్థన మొదలుపెట్టిందనుకొని ముగ్గురూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. ఆమేన్ వినేదాకా ఇక ఎత్తకూడదు. సునీల తోట గురించి, చదువు గురించి చెప్పుకుంటూ పోయింది. ప్రార్థన ఇలా ఉందేమిటని ఎవరికి అనిపించినా తల మాత్రం లేవలేదు.

నడుమ సునీల కళ్లు తెరిచింది. వంగిన మూడు తలలను చూసింది. ఇక ఆగిపోతుందని సారు బెంచీ మీంచి లేచాడు. సునీల గొంతు మాత్రం ఆగలేదు, ఇంకాస్త పెరిగింది. చెప్పాలనుకున్నదంతా చెప్పాకే ఆమేన్ అన్నది.

"ప్రార్థన అనుకున్నామమ్మా!" పెద్దాయన నవ్వాడు. "ఇక ప్రశ్నలు అడగొచ్చా?"

"అడుగుండ్రి సార్," అన్నది, ఆయన మొహంలోకే చూస్తూ.

తిరుగు బస్సులో సారు ఉండబట్టలేక అడిగాడు. "భయం కాలేదా బిడ్డా?"

"అందరు నన్నే సూస్తరని భయముండె సార్. కళ్లు తెరిస్తే ఎవ్వరు సూస్తలేరు. నేనే వాళ్లను సూసిన."

స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ ఆదివారం చర్చిలో ఫాదరు గారు కృతజ్ఞతా ప్రార్థన చేస్తుంటే, జ్ఞానదాసు బతుకులో మొదటిసారి నడుమ కళ్లు తెరిచాడు. అవతలి వరుసలోంచి సునీల అప్పటికే ఆయన్ను చూసి నవ్వుతున్నది.