నా నీళ్ళ కారూ, పెద్దత్త పళ్ళెమూ

మీ ఇంట్లో అటక మీద పేరు కొట్టించిన స్టీలు పళ్ళేలు ఉన్నాయా? ఉంటే ముందు ఆ నిచ్చెన తీసి ఎక్కడైనా దాచిపెట్టండి, ఆ తర్వాతే ఇది చదవండి. ఒక మనిషికి నిచ్చెనా, రేకు కత్తెరా, ఫోనులో ఒక వీడియో మూడూ ఒకే రోజు దొరికితే సంసారం ఎక్కడిదాకా వెళ్తుందో నేను స్వయంగా చేసి చూపించాను. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. చిన్నతనం కదా అని తప్పించుకోవడానికి కూడా వీల్లేదు.

మాది మార్కాపురం. నాకు పలకల దుకాణం ఉంది. బళ్ళు తెరిచే ముందు పొదిలి, దోర్నాల, గిద్దలూరు అన్నీ తిరిగి పలకలు వేసి రావాలి. దానికోసం ఒక పాత కారు పెట్టుకున్నాను. పెళ్ళి బంతిలో బూరెలు మాయమైనట్టు దాంట్లో పెట్రోలు మాయమయ్యేది.

ఒక మధ్యాహ్నం బేరాల్లేక ఫోను చూస్తూ కూర్చుంటే ఆ వీడియో కనబడింది. ఎవరో పెద్దమనిషి ఒక సీసాలో నీళ్ళు పోసి, కాస్త సోడా కలిపి, స్టీలు రేకులు దించి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు ఇచ్చాడు. బుడగలు వచ్చాయి. ఆ బుడగల్లో ఉన్నది హైడ్రోజనట. దాన్ని ఒక గొట్టంతో ఇంజన్ గాలి పీల్చుకునే చోటికి పంపిస్తే పెట్రోలు సగం మిగులుతుందట. ఆయన మాట్లాడింది ఏ భాషో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ బుడగలు ఏ భాషలోనైనా బుడగలే కదా.

ఇక్కడ మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన బతికున్నన్నాళ్ళూ ఇదే దుకాణంలో బోరు మోటార్లకు వైండింగు చేసేవాడు. అమ్మ పక్కన కూర్చుని వైర్లు అందించేది. వాళ్ళిద్దరి కొడుకును కాబట్టి కరెంటు పని నా రక్తంలోనే ఉందని నా నమ్మకం. కరెంటు రెండు మూడుసార్లు నా ఒంట్లోకి వచ్చిన మాట నిజమే గానీ, అది వేరే సంగతి.

చాక్లెట్లు పోసే పెద్ద ప్లాస్టిక్ సీసా పక్క కిరాణా దుకాణంలో దొరికింది. వంట సోడా మా ఆవిడ రమ డబ్బాలో దొరికింది. బ్యాటరీ నీళ్ళు కొన్నాను. ఇక స్టీలు రేకులు కావాలి. అటక ఎక్కాను. అక్కడ పాత పేపర్లో చుట్టిన పళ్ళేలు రెండు కట్టలున్నాయి.

ఆ కట్టల కథ తెలియకపోతే నా తెలివి ఎంతటిదో మీకు అర్థం కాదు.

రమకు చిన్నప్పుడే తల్లి పోయింది. గిద్దలూరులో ఉండే వాళ్ళ పెద్దమ్మ అనసూయమ్మ తెచ్చుకుని పెంచింది. నాకు ఆమె పెద్దత్త. మా పెళ్ళిలో సారె కింద ఆమె డజను స్టీలు పళ్ళేలు పెట్టింది, ఒక్కోదాని మీద తన పేరూ ఊరూ కొట్టించి మరీ. సారె విప్పిన రోజు మా అమ్మ అందులో ఒక పళ్ళెం తీసి, వేలి కణుపుతో టంగుమని తట్టి, తన పేరున్న పళ్ళెం పక్కన పెట్టి చూసి, "మా దానికంటే రవ్వంత పలచన వదినా" అంది. అంత మందిలో. అమ్మ మనసులో ఏమీ లేదు. మోటారైనా, ముంతైనా, ఆమె తట్టి చూడందే ముట్టుకోదు. దుకాణంలో కూర్చుని కూర్చుని వచ్చిన అలవాటు అది.

పెద్దత్త విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, గిద్దలూరు బస్సెక్కింది. ఆ తర్వాత ఆరేళ్ళపాటు మా గడప తొక్కలేదు. రమకు పురుడు గిద్దలూరులో ఆమే పోసింది. పసిబిడ్డతో రమను దింపడానికి వచ్చి, మా వీధి మలుపు దగ్గరే ఆగి వెనక్కి తిరిగింది. మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా రమ ఫోటోలో నవ్వేది, ఫోటో అయిపోగానే వీధి గుమ్మం వైపు చూసేది. ఆ గొడవ తర్వాత ఆ పళ్ళేల్లో ఎవరూ తినలేదు. అమ్మ కూడా సిగ్గుపడి తన పేరున్న పళ్ళేలు అటకెక్కించేసింది.

ఇదంతా తెలిసినవాడు ఆ కట్టల జోలికి పోతాడా అని మీరు అడుగుతారు. మామూలు మనిషైతే పోడు. నేను తెలివైనవాణ్ణి. వాడని పళ్ళేలు ఊరికే పడి ఉన్నాయనుకున్నాను. పైగా నాలుగు రేకుల్లో ఏవి ప్లస్సో ఏవి మైనస్సో కలిసిపోకుండా గుర్తు కావాలి కదా. అందుకని రెండు అమ్మవి, రెండు పెద్దత్తవి తీసుకున్నాను. పేర్లున్న భాగం పోకుండా జాగ్రత్తగా కత్తిరించి, అమ్మ పేరున్న రేకులకు ఎర్ర వైరు, పెద్దత్త పేరున్న వాటికి నల్ల వైరు బిగించాను. ఎర్రది ప్లస్సు, నల్లది మైనస్సు. నా ఏర్పాటుకు నేనే మురిసిపోయాను.

సీసాను బానెట్టు కింద బ్యాటరీ పక్కన బిగించి, పది రోజులు ఊళ్ళో అట్లాగే తిరిగాను. మైలేజీ పెరిగిందా అంటే, పెరిగిందని నేను చెప్పుకున్నంత మేరకు పెరిగింది. కారుకు నీళ్ళు పోసి నడుపుతున్నానని టీ బంకు దగ్గర చెప్పాను, మంగలి దుకాణంలో చెప్పాను, చివరికి పలకలు కొన్న హెడ్మాస్టరు గారికి కూడా చెప్పాను.

అప్పుడే మా పాపకు అక్షరాభ్యాసం పెట్టుకున్నాం. రమ రెండు నెలలు ఫోను మీద ఫోను చేసి పెద్దమ్మను ఒప్పించింది. పెద్దత్త ఒక షరతు పెట్టింది. "అల్లుడే వచ్చి పిలుచుకపోవాల. మీ అత్త గడప కాడ నిలబడి రమ్మనాల." అమ్మకు ఈ మాట చెప్పాం. నాలుగో రోజు బియ్యం ఏరుతూ ఏరుతూ సరేనంది. ఆ రోజు రమ పాపను ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది.

ముహూర్తం పదకొండింటికి. నేను తెల్లవారగానే బయల్దేరుతుంటే రమ కారు దాకా వచ్చింది. "ఆ బుడగల సీసా తీసేసినారా?" అని అడిగింది. తీసేశానన్నాను. తీయలేదు. గిద్దలూరు పోయి రావడమంటే నా సీసాకు అంతకన్నా మంచి పరీక్ష ఎక్కడ దొరుకుతుంది?

పెద్దత్త పట్టుచీర కట్టుకుని, అరిసెల డబ్బా పక్కన పెట్టుకుని సిద్ధంగా ఉంది. కారెక్కాక అరగంట దాకా కిటికీలోంచి బయటికే చూసింది. మాట కలపాలి కదా అని, ఈ కారు నీళ్ళతో నడుస్తోందని చెప్పాను.

"నీళ్ళతోనా? కొళాయి ఎప్పుడొస్తాదా అని మేం బిందెలు పెట్టుకోని కూచుంటాంటే, నువ్వు కారుకు తాపుతాండావా అల్లుడా?"

కంభం దాటి, మార్కాపురం ఇంకా పన్నెండు కిలోమీటర్లుందనగా ఒక స్పీడు బ్రేకరు వచ్చింది. మాటల్లో పడి నేను దాన్ని చూడలేదు. కారు ఎగిరిపడింది, సీసా ఒక్క కుదుపు కుదిలింది, సోడా నురగంతా గొట్టంలోంచి నేరుగా ఇంజన్లోకి పోయింది. కారు మూడుసార్లు దగ్గి ఆగిపోయింది.

దిగి బానెట్టు జానెడు మాత్రమే ఎత్తి తల లోపలికి దూర్చాను. పూర్తిగా ఎత్తితే లోపలేముందో నాకు తెలుసు కదా. సీసాలో నీళ్ళు మరగకాచిన టీ రంగులో ఉన్నాయి, ఆ మురికి నీళ్ళలో కూడా అక్షరాలు చక్కగా కనబడుతున్నాయి. పెద్దత్త కూడా దిగి వచ్చి, పూర్తిగా తియ్యి అల్లుడా, గాలి తగలనీ అంది. నేను సీసాకు అడ్డంగా నిలబడి, తీస్తే ఎండ తగిలి ఇంజను పాడవుతుందన్నాను. అలాంటి సమాధానం చెప్పిన మనిషి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇంతలో ఒక ట్రాక్టరాయన ఆగాడు. సాయం చేసే గుణం ఎక్కువున్న మనిషి. నన్ను పక్కకు జరిపి, బానెట్టు పూర్తిగా ఎత్తి, వైర్లు పీకి, సీసాను బయటికి తీసి వెలుగుకు పట్టుకున్నాడు.

"ఏందన్నా ఇది, కారులో ఊరగాయ పెట్టినావా? పేరు గూడా ఉండాదే. అ... న... సూ... యమ్మ, గిద్దలూరు." అని చదివి, నా వైపు జాలిగా చూశాడు. "ఎవురామె? ఆమె ఇంట్లో కొట్టుకొచ్చినావా?"

రోడ్డు పక్కన కంది చేను ఉంది. అందులోకి పరుగెత్తి ఇక బయటికి రాకుండా ఉండిపోవడం గురించి నేను నిజంగానే ఆలోచించాను.

పెద్దత్త సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. సీసా అందుకుంది.

"ఇది నా పళ్ళెమేనా?"

"ఔను పెద్దత్తా."

"నా బిడ్డకు నేను సారె పెట్టిన పళ్ళెం."

మార్కాపురం వైపు నుంచి గిద్దలూరు బస్సు వస్తోంది. నేను చూశాను, ఆమె కూడా చూసింది. ఆమె చెయ్యెత్తి బస్సు ఆపితే చాలు, ఇక ఈ జన్మకు రమ ముందు నేను తలెత్తలేను. పాప పక్కన పలక పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది రమ.

బస్సు దగ్గరికొచ్చి వేగం తగ్గించింది. పెద్దత్త మాత్రం సీసాలోంచి కళ్ళు తీయలేదు.

"ఈ తుప్పు పట్టి కొరుక్కపోయింది ఎవురిది?"

"అమ్మది."

ఆమె అటు చూడకుండానే చెయ్యి ఊపి బస్సును పొమ్మంది.

"రెండూ ఒకటే నీళ్ళల్లో ఏసినావా?"

"ఒకటే నీళ్ళు."

"ఒకటే దినం ఏసినావా?"

"ఒకటే దినం. పది దినాలైంది."

ఆమె సీసాను ఎండకు తిప్పి తిప్పి చూసింది. ఆమె రేకులు కొత్త పెళ్ళికూతురి సామానులా తళతళలాడుతున్నాయి. అమ్మవి అంచులు తినేసి, గుంటలు పడి, ఇటుక రంగుకు తిరిగాయి. ఇందులో స్టీలు గొప్పేమీ లేదు. ప్లస్సు వైపున్న రేకును కరెంటు తినేస్తుంది, మైనస్సు వైపుది మెరుస్తూనే ఉంటుంది. వైర్లు అటుదిటు పెట్టి ఉంటే పెద్దత్తదే కుళ్ళిపోయేది. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఆమె ముఖం చూశాను. ఆరేళ్ళుగా అక్కడ బిగుసుకుని ఉన్నదేదో వదిలిపోతోంది. నోరు మూసుకున్నాను.

"నడువు అల్లుడా. పదకొండుకు గదా ముహూర్తం."

ట్రాక్టరాయన కారుకు తాడు కట్టాడు. అరిసెల డబ్బా పక్క సీట్లో, సీసా ఒళ్ళో పెట్టుకుని పెద్దత్త వెనక కూర్చుంది. మైలేజీ సంగతి మీరు అడగలేదు గానీ చెబుతాను. ఆ పన్నెండు కిలోమీటర్లూ నా కారు చుక్క పెట్రోలు తాగకుండా నడిచింది.

మేం ఇల్లు చేరేసరికి పదకొండుకు పది నిమిషాలుంది. ముందు ట్రాక్టరు, వెనక తాడు, ఆ వెనక కారు. అది చూసి రమ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు జవాబు ఇంకా బాకీ ఉన్నాను. అంతలో పెద్దమ్మ దిగడం కనబడింది, నన్ను మరిచిపోయింది.

అమ్మ మాట ప్రకారం గడప దగ్గర నిలబడి "రా వదినా" అంది. పెద్దత్త లోపలికి వచ్చి, పీట మీద పాప పలక పక్కనే ఆ సీసా పెట్టింది.

"చూడు వదినా. నీదీ నాదీ ఒకటే నీళ్ళల్లో పది దినాలు నానినాయంట."

అమ్మ వంగి, అలవాటు ప్రకారం వేలి కణుపుతో సీసాను తట్టింది. రేకులు చూసింది. మూత మీద వేలాడుతున్న ఎర్ర వైరు ముక్క చూసింది, నల్ల వైరు ముక్క చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను ఫ్యాను చూశాను. అమ్మ కళ్ళు నా మీది నుంచి రమ మీదికి వెళ్ళాయి. రమ చిన్నపిల్లలా పెద్దమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఔ వదినా. నీదే మంచి స్టీలు. ఆ దినం తెలవక అన్నా" అంది అమ్మ.

ఆరేళ్ళుగా ఆ మాట కోసం పెద్దత్త ఎన్ని జవాబులు సిద్ధం చేసుకుని ఉంటుందో. ఒక్కటీ బయటికి రాలేదు. "దాన్దేముందిలే వదినా, నువ్వేమన్నా కావాలని అన్యావా" అని కళ్ళు ఒత్తుకుంది. అమ్మా ఏడ్చింది, రమా ఏడ్చింది. ముహూర్తం మించిపోతోందని అయ్యవారు గంట కొట్టాల్సి వచ్చింది. పాప వేలు పట్టుకుని పెద్దత్తే బియ్యంలో ఓం రాయించింది, ఆ తర్వాత పలక మీద. మధ్యాహ్నం అటక మీది కట్ట దించి, తన పేరున్న పళ్ళెంలోనే తృప్తిగా భోంచేసింది.

అందరూ కునుకు తీసే వేళకు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మీ నాయన పక్కన ముప్పై ఏండ్లు కూచున్యా. ఎర్ర వైరేందో, నల్ల వైరేందో నాకు తెలవదనుకున్యావా?"

నేను తలకాయ దించుకున్నాను. మరెందుకమ్మా అట్ల అన్నావని గొణిగాను.

"నా పళ్ళెం పోతే పోయింది. కోడలి మొగం చూసినావా ఈ పొద్దు?" అని, గొంతు తగ్గించి అంది. "పాపకు చెవులు కుట్టిచ్చేటప్పుడు గూడా ఆమె వస్తాది. అప్పుడు మళ్ళా చెయ్యి. ఈ తూరి వైర్లు మార్చు."

సీసాను పెద్దత్త గిద్దలూరు తీసుకుపోయి టీవీ పక్కన పెట్టుకుంది. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తుందట. నా కారు మళ్ళీ పెట్రోలుకే అలవాటు పడింది. నేను మాత్రం మా నాయన దుకాణంలో, ఆయన ఫోటో ముందు నిలబడి, చేతిలో పలక పట్టుకుని ప్రమాణం చేశాను. ఈ జన్మలో పేరు కొట్టించిన ఏ వస్తువుకూ కరెంటు పెట్టను. పెట్టక తప్పకపోతే, ఏ పేరుకు ఏ వైరో ముందు మా అమ్మను అడిగి పెడతాను.