రిజిస్టరుకెక్కని నడుంనొప్పి

కుంటుకుంటూ ఆడే ఆటగాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. టీవీలో అలాంటి వాడు కనిపిస్తే ఇంట్లోవాళ్ళు చప్పట్లు కొడతారు, నేను లేచి వంటింట్లోకి పోతాను. అందుకు కారణం నేను అబుదాబీలో నర్సుగా చేసిన ఆసుపత్రి, అక్కడ పన్నెండో గదిలో పడుకున్న ఒక ఆస్ట్రేలియా ఆయన.

అది 2005. నేను కాకినాడ నుంచి వెళ్ళి ఎముకల వార్డులో చేరి అప్పటికి రెండేళ్ళు. ఆయన దుబాయ్‌లో ఒక స్కూల్లో ఆటల మాస్టారు, తుంటి మార్పిడి ఆపరేషనుకని మా దగ్గరికి వచ్చాడు. నలభై రెండేళ్ళకే తుంటి అరిగిపోవడమేమిటా అనుకున్నాను. వాళ్ళ దేశంలో కోడిగుడ్డు ఆకారపు బంతితో ఒక రకం ఫుట్‌బాల్ ఆడతారట. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, మనిషి మీద పడవచ్చు. అందులో పదకొండేళ్ళు జీతానికి ఆడాడు. డిఫెండరు. అవతలి జట్టులో గోల్స్ కొట్టే పొడుగాటివాణ్ణి అంటిపెట్టుకుని తిరుగుతూ, బంతి గాల్లోంచి వస్తుంటే వాడి చేతికి అందకుండా వెనకనుంచి పిడికిలితో గుద్ది పక్కకి పంపేయడమే ఆయన ఉద్యోగం.

"మీరే పట్టుకోకూడదా?" అన్నాను డ్రెస్సింగ్ మారుస్తూ.

"పట్టుకోబోతే జారొచ్చు సిస్టర్. గుద్దేస్తే గొడవ వదిలిపోతుంది."

పదకొండేళ్ళలో ఆయన కొట్టిన గోల్స్ నాలుగట. వేళ్ళు చూపించాడు, ఒక్కటీ తిన్నగా లేదు. విరిగిన వేలికి పక్క వేలిని కలిపి ప్లాస్టరు చుట్టుకుని ఆడేవాడట. పక్కటెముక విరిగినా సూది వేయించుకుని దిగాడట. డాక్టరుకి చెబితే వచ్చే వారం తన జెర్సీ ఇంకొకడి ఒంటి మీద ఉంటుందని భయం. చివరి ఆట రోజున జట్టువాళ్ళు భుజాల మీద ఎక్కించుకుని మైదానం బయటికి మోసుకెళ్ళారని చెబుతుంటే ఆయన కళ్ళు తడిశాయి. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది. మా పని కూడా అంతే కదా. రోగి పడకుండా చూసుకున్నందుకు ఎవరూ మెచ్చుకోరు, పడితే మాత్రం అందరూ అడుగుతారు.

ఆపరేషనైన మూడో రోజు పొద్దున నేను మందుల ట్రేతో వెళ్ళేసరికి ఆయన బాత్‌రూమ్ గుమ్మం దగ్గర ఉన్నాడు. బెల్ కొట్టలేదు, వాకర్ తీసుకోలేదు. సిస్టర్ తోడు లేకుండా మంచం దిగనని కాగితం మీద సంతకం పెట్టిన మనిషి. నేను చూస్తుండగానే కాలు జారింది. ట్రే వదిలేసి పరిగెత్తి రెండు చేతులా పట్టుకున్నాను. నూరు కిలోల మనిషి నా మీద పడ్డాడు గానీ కింద పడలేదు. నా నడుం కలుక్కుమంది.

ఆయన్ని మంచం మీదికి చేర్చి తుంటి చూశాను, బాగానే ఉంది. జరిగింది రిజిస్టరులో రాయడం రూలు. పెన్ను తీశాను.

"రాయకండి సిస్టర్. నాకేం కాలేదు. మీరు నొప్పి అన్నారో, మీ చోటు పోతుంది. నా మాట వినండి, ప్లాస్టరు వేసుకుని ఆడేయాలి."

నా కాంట్రాక్టు రెన్యూవల్ ఆ వచ్చే నెలే. నడుం పట్టేసిన నర్సుని ఎవరుంచుకుంటారు? పెన్ను జేబులో పెట్టుకున్నాను. రోజుకి పదిమందికి నొప్పి దాచొద్దని చెప్పే నోరే నాది.

ఎనిమిది నెలలు మాత్రలు మింగుతూ, యూనిఫాం కింద బెల్టు కట్టుకుని పనిచేశాను. ఒకరోజు దుప్పటి మార్చడానికి వంగినదాన్ని మళ్ళీ లేవలేకపోయాను. డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని స్కాన్‌లో తేలింది. డ్యూటీలో తగిలిన దెబ్బయితే ఆసుపత్రే వైద్యం చేయించి, కూర్చుని చేసే పని ఇస్తుంది. కాకపోతే వీసా క్యాన్సిల్. మేనేజరు, అక్కడివాళ్ళ మాటలో ముదీర్, ఫైలు తిరగేశాడు. "డ్యూటీలో అయితే రిపోర్టేది? ఇది నువ్వు మీ ఊరినుంచి తెచ్చుకున్న నొప్పి" అన్నాడు.

మా స్టాఫ్ బస్సు నడిపే కడప భాయ్ ఊరుకోలేదు. "నీ మీద పడిన ఆయప్ప దుబాయ్ ఇడిసి యాడికీ పోలే గదక్కా. పోయి కాగితం రాపిచ్చుకుందాం పా. అది చూస్తే ముదీర్ గమ్మునుంటాడు, ఖలాస్" అన్నాడు. శుక్రవారం స్నేహితుడి కారు అడిగి తెచ్చి నన్ను దుబాయ్ తీసుకెళ్ళాడు.

అద్దెకు తీసుకున్న రగ్బీ మైదానంలో, గోలుకి అటూ ఇటూ పైపులు పాతి, ఆయన తన దేశంవాళ్ళకి ఆ ఆట నేర్పుతున్నాడు. నన్ను చూసి సంతోషంగా వచ్చాడు. కుంటడం లేదు. మీరు జారిపడబోయారనీ, నేను పట్టుకున్నాననీ రాసివ్వండి చాలన్నాను. "తప్పకుండా సిస్టర్" అని బెంచీ మీద కూర్చుని పేజీ నిండా రాసి, కవరులో పెట్టి ఇచ్చాడు.

కారు కదిలాక విప్పాను. ఇంత ధైర్యం, ఇంత ఓర్పు ఉన్న నర్సుని చూడలేదట. తన జట్టులో ఉండదగిన మనిషినట. జారడం గురించి ఒక్క ముక్క లేదు.

భాయ్ కారు వెనక్కి తిప్పాడు.

"అది రాయలేను సిస్టర్," అన్నాడాయన నేల చూస్తూ. "తోడు లేకుండా మంచం దిగనని సంతకం పెట్టి కూడా దిగానని ఒప్పుకుంటే, రేపు ఈ తుంటికేమైనా అయితే ఇన్సూరెన్సువాళ్ళు చేతులెత్తేస్తారు."

"మరి నా నడుం?"

ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాడు. తనవాళ్ళని వరసగా నిలబెట్టి, బంతిని పట్టుకోబోవద్దు, గుద్దేయండి అని అరుస్తున్నాడు. నేను అడిగినదాన్నీ అలాగే గుద్ది పక్కకి పంపేశాడు. అంత కోపంలోనూ నాకు ఇంకో సంగతి తెలుసు. ఆయన వద్దన్న మాట నిజమే, కానీ పెన్ను నా చేతిలోనే ఉంది.

నెల తిరక్కుండా పంపించేశారు. ఎయిర్‌పోర్టులో భాయ్ నన్ను పెట్టె ముట్టుకోనివ్వలేదు. నన్ను కూడా మోసుకెళ్ళారు, భుజాల మీద కాదు, వీల్‌చెయిర్‌లో. కౌంటర్ దగ్గర అమ్మాయి వీల్‌చెయిర్ ఎందుకని అడిగింది.

"డ్యూటీలో దెబ్బ తగిలింది," అన్నాను.

ఆమె ఇంకేం అడక్కుండా రాసుకుంది. ఆ మాట రాతకెక్కింది ఆ ఒక్కచోటే.